బ్లాక్ బెల్టుకు ఎన్ని గంటలు? ఎవరి గంటలు?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో ఒక కరాటే శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరానికి నన్ను పిలుస్తూ నిర్వాహకులు ఒక ప్రశ్న ముందే రాసి పంపారు. "మా ఊళ్ళల్లో ఆడపిల్లలకు కరాటే నేర్పించాలనుకుంటున్నాం. బ్లాక్ బెల్టు రావడానికి ఎన్ని నెలలు పడుతుంది? ఎంత ఖర్చవుతుంది?" అని. చాలా సంస్థలవాళ్ళు నన్ను ఇదే అడుగుతారు. నిధులిచ్చేవాళ్ళకు నివేదిక రాయాలి కనక వాళ్ళకు నెలలూ రూపాయలూ కావాలి. ఆ ఇబ్బంది నాకు తెలుసు. అందుకని ముందు లెక్కే చెప్తాను.

వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున సాధన చేసే అమ్మాయి, పండగలూ పరీక్షలూ పోను ఏడాదికి 48 వారాలు వచ్చిందనుకుందాం. 216 గంటలవుతాయి. తెల్ల బెల్టుతో మొదలుపెట్టినవాళ్ళు బ్లాక్ బెల్టు పరీక్షకు నిలబడడానికి మా దగ్గర నాలుగు నుంచి ఆరేళ్ళు పడుతుంది. అయిదేళ్ళని వేసుకుంటే 1,080 గంటలు. దీనికి ఇంటి దగ్గర చేసే సాధన, రాకపోకల సమయం కలపలేదు. కాబట్టి నెలల్లో చెప్పమంటే 60 నెలలు. ఆరు నెలల ప్రాజెక్టులో బ్లాక్ బెల్టు ఇప్పిస్తామని ఎవరైనా మీ దగ్గరికొస్తే వాళ్ళు బెల్టు అమ్ముతున్నారన్నమాట, నేర్పడం లేదు.

అసలు ఈ బెల్టు ఎక్కడిదో కొంచెం చెప్పుకుందాం. స్థాయిల పద్ధతి మొదట జూడోలో వచ్చింది. 1882లో టోక్యోలో కోడోకాన్ అనే శిక్షణాలయం పెట్టిన కానో జిగోరో, మరుసటి ఏడు తన శిష్యులిద్దరికి 'షోదాన్' అనే స్థాయి ఇచ్చాడు. కొన్నేళ్ళకు ఆ స్థాయివాళ్ళు నల్ల బెల్టు కట్టుకోవడం ఆచారమయింది. ఒకినావా దీవి నుంచి టోక్యో వచ్చి కరాటే నేర్పిన ఫునాకోషి గిచిన్ 1924లో ఈ పద్ధతిని కరాటేలోకి తెచ్చాడు. ఏళ్ళ తరబడి ఉతక్కుండా కట్టుకుంటే తెల్ల బెల్టే మురికిపట్టి నల్లబడిందని క్లాసుల్లో ఒక కథ చెప్తుంటారు. అది కథే. 'షోదాన్' అంటే మొదటి మెట్టు అని అర్థం. బ్లాక్ బెల్టు వచ్చిన అమ్మాయికి అక్షరాలు వచ్చాయి, కూడబలుక్కుని చదవగలదు. పుస్తకాలన్నీ ఇంకా ముందున్నాయి.

ఆ అక్షరాలేమిటో కూడా చెప్తాను. నేను నేర్పే షోటోకాన్ పద్ధతిలో పరీక్ష మూడు భాగాలుగా ఉంటుంది. మొదటిది కిహోన్, అంటే ప్రాథమిక కదలికలు. నిలబడే తీరు, గుద్దు, అడ్డుకోవడం, తన్ను. ఒక్కో గుద్దూ వేలసార్లు చేసి ఉండాలి. రెండోది కటా. చుట్టూ మనుషులు మీదికొస్తున్నారని ఊహించుకుంటూ ఒక వరసలో చేసే కదలికలు. హేయాన్ అనే పేరుతో అయిదు కటాలున్నాయి. వాటిలో మొదటిదానిలోనే 21 కదలికలు. అవి దాటి టెక్కి, ఆ తర్వాత బస్సాయ్ దాయ్ దాకా రావాలి. మూడోది కుమితే, ఎదురెదురుగా నిలబడి చేసేది. ఇక్కడ చూసేది ఎంత గట్టిగా కొట్టారన్నది ఒక్కటే కాదు. వేగంగా వెళ్ళిన పిడికిలిని ఎదుటి మనిషి ముఖం ముందు వేలెడు దూరంలో ఆపగలగాలి. ఆపడం రానివాళ్ళకు మేం పరీక్ష పెట్టం.

ఇదంతా నేర్చుకోవడానికి అసాధారణమైన బలమేమీ అక్కర్లేదు. నేను చూసినంతలో మామూలు ఆరోగ్యం ఉన్న ఏ అమ్మాయైనా నేర్చుకోగలదు. మరి నా దగ్గర తెల్ల బెల్టు వరసలో అమ్మాయిలూ అబ్బాయిలూ దాదాపు సమానంగా ఉంటారు, బ్రౌన్ బెల్టు వరసకు వచ్చేసరికి అమ్మాయిలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగులుతారు. ఎందుకు? వాళ్ళెవరూ తన్ను రాక మానలేదు. పెద్దమనిషి అయిందని కొందరిని మాన్పించారు. పదో తరగతి అని కొందరిని మాన్పించారు, అదే ఇంట్లో పదో తరగతి చదివే అబ్బాయి మాత్రం వస్తూనే ఉంటాడు. ఆఖరి బస్సు ఏడింటికి ఆగిపోయిందని కొందరు మానేశారు. సంబంధాలు చూస్తున్నాం, ముక్కుమీద దెబ్బ తగిలితే ఎవరు చేసుకుంటారని కొందరు తల్లిదండ్రులు నాతోనే అన్నారు.

అందుకే నేను 1,080 గంటలు అన్నప్పుడు మీరు అడగాల్సిన మరో ప్రశ్న ఉంది. ఆ గంటలు ఎవరివి? 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు ఆ పనికి ఖర్చుపెడుతున్నారు. పురుషులు 88 నిమిషాలు. అదే సర్వే 2019లో చేసినప్పుడు 299, 97. అయిదేళ్ళలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గింది, మగవాళ్ళ పని కూడా తగ్గింది. ఇలాంటి ఇంట్లో ఒక అమ్మాయి సాయంత్రం గంటన్నర క్లాసుకొస్తే, ఆమె తోమాల్సిన గిన్నెలు ఎవరు తోముతున్నారు? నేనడిగిన ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు, అమ్మ. కూతురి బ్లాక్ బెల్టు తల్లి గంటల్లోంచి వస్తోంది. చాలామంది తల్లులు సంతోషంగానే ఇస్తున్నారు, వాళ్ళ గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక ఆడమనిషికి విశ్రాంతి లేకుండా చేసి ఇంకో ఆడమనిషికి బెల్టు కడితే మన సంస్థలు సాధించిందేమిటి? నేనిప్పుడు చేర్చుకునేటప్పుడే తండ్రినీ అన్నదమ్ముల్నీ పిలిచి కూర్చోబెడుతున్నాను. "అమ్మాయి వచ్చే మూడు రోజులూ సాయంత్రం పని మీలో ఎవరిది?" అని అడుగుతున్నాను. కొందరు నవ్వి వెళ్ళిపోయారు. కొందరు పేరు చెప్పారు. పేరు చెప్పిన ఇళ్ళ పిల్లలే ఎక్కువకాలం నిలబడ్డారు.

గంటల తర్వాత కావాల్సింది తిండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే నా ముందు పదిమంది అమ్మాయిలు నిలబడితే అయిదారుగురికి రక్తం చాలదు. పావుగంట తిరిగేసరికి ఆయాసపడే పిల్లను "ఒళ్ళు వంచవు" అని కసిరే మాస్టార్లను నేను చూశాను. ఆ పిల్లకు కావాల్సింది తిట్లు కాదు. రక్తపరీక్ష చేయించాలి, ఇనుము మాత్రలు ఇప్పించాలి, కోడిగుడ్డో పల్లీలో పెట్టాలి. క్లాసు బడ్జెట్టులో తెల్ల డ్రెస్సులకు డబ్బు రాసుకునేముందు దీనికి రాసుకోండి. పాత చుడీదారు వేసుకుని కూడా కరాటే నేర్చుకోవచ్చు, ఖాళీ కడుపుతో నేర్చుకోలేం. నెలసరి రోజుల్లో రాకూడదా అని తల్లులు అడుగుతారు. రావచ్చు. నొప్పిగా ఉంటే కూర్చుని చూడొచ్చు. కాకపోతే మైదానం దగ్గర తలుపు గడియ పడే మరుగుదొడ్డి, నీళ్ళు ఉండాలి. మున్సిపల్ బడి మైదానంలో ఆ తలుపు కోసం నేను ఎక్కిన మెట్లు ఏ పరీక్షకూ ఎక్కలేదు.

ఇక గొంతు. కరాటేలో దెబ్బతోపాటు పొట్టలోంచి ఒక కేక రావాలి. దాన్ని 'కియాయ్' అంటారు. ఊపిరిని బయటికి తోసి ఒంటిని బిగించడానికి అది పనికొస్తుంది. మగపిల్లలకు దీన్ని నేర్పక్కర్లేదు, ఆపడమే కష్టం. ఆడపిల్లల దగ్గర అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది ఇదే. గొంతు వీధిలోకి వినపడకూడదని, గట్టిగా నవ్వకూడదని చిన్నప్పటినుంచీ చెప్పి పెంచిన పిల్ల ఒక్కరోజులో ఎలా అరుస్తుంది? గుద్దు చక్కగా వేస్తుంది, నోరు తెరిచి ఊరుకుంటుంది. మొదట అందరం కలిసి అరుస్తాం. తర్వాత ఇద్దరిద్దరు. ఒక్కతే నిలబడి అరవడానికి కొందరికి ఏడాది పట్టింది. అది వచ్చిన రోజు మిగతా పిల్లలు చప్పట్లు కొడతారు.

దెబ్బ సంగతి కూడా ఉంది. ఇది మీవంటి కార్యకర్తలు తెలుసుకోవాల్సిన విషయం. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళుంటారు. ఇంతకుముందు చెప్పిన ఆరోగ్య సర్వేలోనే, పెళ్ళయిన స్త్రీలలో భర్త హింసను అనుభవించినవాళ్ళు దేశం మొత్తం మీద 100కి 29 మంది అని తేలింది. ముప్ఫయ్యేళ్ళు దాటిన ఒకావిడ మా ఆదివారం క్లాసులో చేరింది. ఎదుటివాళ్ళ చెయ్యి లేస్తే చాలు, కళ్ళు మూసుకుని తల దించేసేది. నేనేమీ అడగలేదు. కొన్ని నెలలపాటు ఆమెతో చేయించిందల్లా ఒకటే: మెల్లగా వచ్చే చేతిని కళ్ళు తెరుచుకుని చూడడం. రెండేళ్ళకు గ్రీన్ బెల్టు తీసుకుంది. ఆ తర్వాత తనంతట తానే చెప్పింది, 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి దగ్గరికి వెళ్ళానని. ఆమె భర్తను కొట్టలేదు, నేనూ కొట్టమనలేదు. అక్కడ ఎవరూ తొందరపెట్టకుండా, జరిగింది జరిగినట్టు వరసగా చెప్పగలిగానంది. ఆమె బ్లాక్ బెల్టు దాకా రాలేదు. ఆమెకు కావాల్సింది అక్కడికే దొరికింది, నా మటుకు నాకు అది తక్కువేం కాదు.

ఇవన్నీ దాటుకుని వచ్చినా స్త్రీకి స్థాయి తేలిగ్గా దక్కలేదన్నది ఈ విద్యల చరిత్రలోనే ఉంది. ఫుకుదా కేయికో 1913లో టోక్యోలో పుట్టింది. జూడో స్థాపకుడు కానోకు జుజుత్సు నేర్పినవాళ్ళలో ఆమె తాతగారు ఒకరు. 1935లో ఆమె కోడోకాన్ స్త్రీల విభాగంలో చేరింది. మనిషి అయిదడుగులు కూడా లేదు. పెళ్ళి చేసుకుంటే జూడో మానాలి కనక పెళ్ళి మానుకుంది. అయిదో డాన్ దాకా వచ్చింది. అక్కడినుంచి ఏళ్ళ తరబడి కదలలేదు, ఎందుకంటే స్త్రీలకు అంతకుమించి ఇచ్చే ఆనవాయితీ లేదు. ఆమెకన్నా చిన్నవాళ్ళు, ఆమె దగ్గర నేర్చుకోదగ్గవాళ్ళు, మగవాళ్ళు కావడం వల్ల పైకి వెళ్ళిపోయారు. ఇతరులు పూనుకుని అడిగాక 1970ల మొదట్లో ఆరో డాన్ ఇచ్చారు. కోడోకాన్ ఆమెకు తొమ్మిదో డాన్ ఇచ్చింది 2006లో. అమెరికా జూడో సంఘం పదో డాన్ ఇచ్చేనాటికి, 2011లో, ఆమెకు 98 ఏళ్ళు. 2013లో చనిపోయేదాకా అమెరికాలో జూడో నేర్పుతూనే ఉంది. జూడోలో స్త్రీల నల్ల బెల్టుకు మధ్యన పొడుగూతా తెల్ల గీత కూడా ఉండేది. చూడగానే ఇది ఆడవాళ్ళ బెల్టు అని తెలియడానికి. అంతర్జాతీయ పోటీల్లో ఆ గీత 1999లో పోయింది.

రస్టీ కానోకోగి అనే అమెరికన్ స్త్రీ 1959లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన వైఎంసీఏ జూడో పోటీలో మగవాడిలా కనపడడానికి ఛాతీకి కట్టు కట్టుకుని దిగింది, గెలిచింది. ఆడమనిషివా అని అడిగితే అవునంది. పతకం వెనక్కి తీసుకున్నారు. ఆమె ఇంట్లో కూర్చోలేదు. 1980లో న్యూయార్క్‌లో స్త్రీలకు మొదటి ప్రపంచ జూడో పోటీలు జరిపించింది. ఒలింపిక్స్‌లో పురుషుల జూడో 1964లో మొదలైతే, స్త్రీలకు పతకాలతో అవకాశం వచ్చింది 1992లో. మధ్యలో 28 ఏళ్ళు. ఆమె పతకాన్ని తిరిగి ఇచ్చింది 2009లో, యాభయ్యేళ్ళకు. అదే ఏడు ఆమె చనిపోయింది. కాబట్టి బ్లాక్ బెల్టు సంపాదించడానికి ఏం కావాలంటే సాధనతోపాటు, అడ్డంగా ఉన్న నియమాన్ని మార్చమని అడిగేవాళ్ళు కూడా కావాలి. ఆ పని చేసేవాళ్ళు ఈ గదిలో ఉన్నారు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. బ్లాక్ బెల్టు ఉంటే ఆడపిల్లకు భయం లేదని మనం ఎక్కడా చెప్పొద్దు. ఏటా జాతీయ నేర రికార్డుల సంస్థ ఇచ్చే లెక్కల్లో, అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. చీకటి సందులో ఎదురయ్యే ముక్కూమొహం తెలియనివాడు మన సినిమాల్లోనే ఎక్కువ. బాబాయి, పక్కింటాయన, ప్రేమిస్తున్నానన్నవాడు, పై అధికారి చెయ్యి వేసినప్పుడు తన్ను గుర్తురాదు, "ఈయన ఇలా చేస్తాడా" అన్న దిగ్భ్రాంతి ముందొస్తుంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు 900 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో ఒక అధ్యయనం చేసి 2015లో ప్రచురించారు. సగం మందికి మొత్తం 12 గంటల శిక్షణ ఇచ్చారు. తెలిసినవాళ్ళ నుంచి వచ్చే ప్రమాదాన్ని గుర్తుపట్టడం, ఆ మొహమాటాన్ని దాటడం, మాటతో చేతితో ఎదిరించడం, తమ ఇష్టాయిష్టాల గురించి మాట్లాడుకోవడం, ఇవీ పాఠాలు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్ళు శిక్షణ లేనివాళ్ళలో 9.8 శాతం, ఉన్నవాళ్ళలో 5.2 శాతం. పన్నెండు గంటలతో అంత తేడా వచ్చింది. అలాగని సున్నా కాలేదు. మిగిలిన అయిదుగురు సరిగ్గా నేర్చుకోలేదని అందామా? నేరం చేసినవాడు ఉన్నాడు కనక నేరం జరిగింది.

ఈ మాట నేను నొక్కి చెప్పడానికి కారణముంది. మథుర కేసు మీకు తెలుసు. 1972లో మహారాష్ట్రలో ఒక పోలీస్‌స్టేషన్‌లో ఆ గిరిజన అమ్మాయిపై అత్యాచారం జరిగితే, సుప్రీంకోర్టు ఒంటిమీద గాయాలు లేవని ఎత్తిచూపి పోలీసులను విడిచిపెట్టింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు, దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు, 1983లో చట్టం మారింది. శారీరకంగా ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకుందని అనుకోకూడదని 2013 సవరణలో స్పష్టంగా రాశారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్‌లో ఆ మాట అలాగే ఉంది. ఇన్నేళ్ళ పోరాటంతో తెచ్చుకున్న ఆ వాక్యాన్ని, "కరాటే నేర్పించాం కదా, ఎందుకు కొట్టలేదు?" అన్న ప్రశ్నతో మనమే చెరపకూడదు. ఎదిరించే హక్కు కూడా చట్టంలో ఉంది. అదే సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెప్తాయి. అది హక్కు, స్త్రీ మీద పెట్టిన బాధ్యత కాదు. పిల్లలకు ఈ రెండూ కలిపి చెప్పండి.

మరి బ్లాక్ బెల్టు ఎందుకు అంటారా? ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి మొదటి కొద్దిగంటల్లో నేర్పేది చాలావరకు సరిపోతుంది. మిగతా వెయ్యి గంటలు ఆ అమ్మాయి తన కోసం తీసుకున్నవి. పెళ్ళికి పనికొస్తుందనో, ఉద్యోగానికి పనికొస్తుందనో కాకుండా, ఒక పని బాగా చేయడంలో ఉన్న ఆనందం కోసం అయిదేళ్ళు వెచ్చించే వీలు మన ఆడపిల్లలకు ఎక్కడుంది? అబ్బాయిలకు క్రికెట్టు ఉంది, ఎందుకని ఎవరూ అడగరు.

చివరగా మీ సంస్థలు చేయాల్సినవి చెప్పి ముగిస్తాను. సమగ్ర శిక్ష పథకంలో ప్రభుత్వ బడుల బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పెట్టారు. మీ మండలంలో ఏ బడిలో జరిగిందో, ఎవరు నేర్పారో కనుక్కోండి. జరిగినచోట ఆ మూడు నెలల తర్వాత అదే మైదానంలో క్లాసు కొనసాగేలా పంచాయతీని అడగండి. బ్లాక్ బెల్టు ఇచ్చే అధికారం ప్రపంచంలో ఏ ఒక్క సంస్థకో లేదు, ప్రతి సంఘానికీ దాని పరీక్ష దానిది. కాబట్టి సర్టిఫికెట్టు బంగారురంగు చూసి మోసపోకండి. వెళ్ళి ఒక క్లాసు కూర్చుని చూడండి. దెబ్బలు తగిలిన పిల్లను ఆయనేం చేస్తున్నాడో చూడండి. నేర్పేది మగవాళ్ళయితే మీ తరఫున ఒక స్త్రీ ఎప్పుడూ అక్కడ ఉండాలి. భంగిమ సరిదిద్దడానికి తాకేముందు అడగాలన్న నియమం గోడమీద రాసిపెట్టండి. పిల్లలు ఏదైనా చెప్తే విని ఊరుకోవద్దు, 2012 పోక్సో చట్టం కింద తెలిసి ఫిర్యాదు చేయకపోవడం కూడా నేరమే. నివేదికలో ఎన్ని బెల్టులు ఇప్పించారో ఒక్కటే రాయకండి. ఎంతమంది చేరారు, ఎంతమంది ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, అది రాయండి. మానేసిన ప్రతి పిల్ల ఇంటికీ ఒకసారి వెళ్ళండి. బస్సు కావాలో, తలుపు కావాలో, గిన్నెలు తోమే తమ్ముడు కావాలో అక్కడ తెలుస్తుంది.

క్లాసులు పెట్టాలనుకున్నవాళ్ళు భోజనాల తర్వాత ఇక్కడే ఆగండి. ఎవరి ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో రాసుకుని, దాన్నిబట్టి క్లాసు వేళలు పెట్టుకుందాం.